ఇల్లు మారితే దుమ్ము బాధ తప్పుతుందా?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. మీరు విశాఖలో రేవుకు దగ్గరగా అద్దెకుంటున్నారు. రోజూ పొద్దున కిటికీ గట్టు మీద, ఆరేసిన బట్టల మీద నల్లటి దుమ్ము. మావయ్యగారికి సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాల శ్వాస జబ్బు), ఏడేళ్ల పాపకు చలికాలమంతా పిల్లికూతలు. ఊరికి ఉత్తర శివారులో ఉన్న మధురవాడ వైపు మారిపొమ్మని చుట్టాలందరూ అంటున్నారు. ఈలోగా ఎవరో ఉత్తరాది పొగ బంగాళాఖాతం మీదుగా ఇక్కడిదాకా వస్తుందని చెప్పారు. అదే నిజమైతే ఎక్కడికి మారి ఏం లాభం అని మీ బెంగ.

మారితే లాభం ఉందమ్మా. కాకపోతే మీరు ఎదురుచూస్తున్న లాభం వేరు, దొరికేది వేరు. అదెలాగో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. ఇరవై ఎనిమిదేళ్లు గాలిని తూకం వేసినవాణ్ణి. తూకం అంటే నిజంగా తూకమే. గాజు నారతో చేసిన తెల్ల కాగితాన్ని ఒక రోజంతా డెసికేటర్ అనే తేమ పీల్చే పెట్టెలో ఉంచి, తేమ పోయాక తూచి, మేడ మీద శాంపిలర్‌లో బిగించి వచ్చేవాళ్లం. దాని మోటారు నిమిషానికి వెయ్యి లీటర్ల పైనే గాలి లాగుతుంది. ఎనిమిది గంటలకోసారి వెళ్లి కాగితం మార్చాలి, అర్ధరాత్రయినా సరే. తెచ్చిన కాగితాన్ని మళ్లీ ఆరబెట్టి తూస్తే, పెరిగిన బరువే ఆ గాలిలోని దుమ్ము.

రేవు వైపు పెట్టిన పెద్ద కాగితం నల్లగా, గరుకుగా వచ్చేది. వేలితో తట్టితే పొడి రాలేది. పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్ల లోపు సన్న దుమ్ము, దాని కోసం పెట్టే చిన్న గుండ్రటి ఫిల్టర్ తీరు వేరు. (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.) జనవరిలో దాన్ని తీసి చూస్తే కిరసనాయిలు దీపం పొగ పట్టిన గోడలా ముదురు బూడిద రంగులో ఉండేది. తట్టినా రాలదు, కంటికి ఒక్క రేణువు కనపడదు. కొత్తగా చేరిన కుర్రాళ్లు పెద్ద కాగితం చూసి "అమ్మో" అనేవారు, చిన్నదాన్ని పట్టించుకునేవారు కాదు. నాకు భయం వేసేది ఆ చిన్నదాన్ని చూస్తేనే.

ఎందుకంటే దుమ్ములో అసలు తేడా సైజుది. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల రేణువు గాలి కదలకుండా ఉంటే సెకనుకు 3 మిల్లీమీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. అంటే మూడంతస్తుల ఎత్తు నుంచి గంటలో నేల మీదికి వచ్చేస్తుంది. అర మైక్రాన్ రేణువైతే రోజంతా దిగినా ఒక మీటరు దిగదు. ఈలోగా గాలి దాన్ని ఎక్కడికో మోసుకుపోతుంది. గంటకు 10 కిలోమీటర్ల చిన్న గాలి చాలు, రోజుకు 240 కిలోమీటర్లు. కోల్‌కతా నుంచి విశాఖ రైల్లో సుమారు 900 కిలోమీటర్లు, గాలికి నాలుగు రోజుల ప్రయాణం కూడా కాదు. సన్న దుమ్ము వాన పడి కడిగేదాకా వారం పైన కూడా గాలిలో ఉండగలదు. మీ కిటికీ గట్టు మీద కనపడేదంతా కింద పడిపోయిన దుమ్ము. పడనిది ఇంట్లోనే, మీ ముక్కు ఎత్తున తిరుగుతూ ఉంటుంది.

ఆ నల్ల దుమ్ము మంచిదని కాదు సుమా. ముతక దుమ్ము ముక్కులో, గొంతులో, పెద్ద శ్వాసనాళాల్లో పడుతుంది. ఉబ్బసం ఉన్న పాపకు పిల్లికూతలు రేపడానికి, మావయ్యగారికి దగ్గు తెర లేవడానికి అది చాలు. పైగా రేవులో బొగ్గు ఎక్కించే దించే చోట డీజిల్ లారీలు, లోడర్లు ఉంటాయి కాబట్టి ముతకతో పాటు సన్నదీ పుడుతుంది. కానీ ముతక దుమ్ములో చాలా భాగాన్ని ఒళ్లు తనే దగ్గించి, తుమ్మించి, కఫంతో పాటు బయటికి నెడుతుంది.

2.5 మైక్రాన్ల లోపుది ఊపిరితిత్తుల చివర్న ఉండే గాలి తిత్తులదాకా వెళ్తుంది. అక్కడ కఫం లేదు, తోసిపారేసే వెంట్రుకల్లాంటి అమరిక లేదు. మాక్రోఫేజ్ అనే కణాలు వచ్చి వాటిని మింగాలి. రోజూ మింగుతూనే ఉంటే అక్కడ వాపు స్థిరపడుతుంది. ఆ వాపు సంకేతాలు రక్తంలోకి వెళ్తాయి. రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు పొర చిట్లే ప్రమాదం పెరుగుతుంది, గుండె లయ మీద నరాల పట్టు సడలుతుంది. అన్నిటికన్నా సన్నవి కొన్ని నేరుగా రక్తంలోకే దాటతాయి. అందుకే గాలి కాలుష్యం అనగానే దగ్గు, ఆయాసం అనుకుంటాం గానీ ప్రాణం తీసేది ఎక్కువగా గుండె దగ్గర, మెదడు దగ్గర. బయటి గాలి వల్ల 2019లో ప్రపంచం మొత్తం మీద 42 లక్షల అకాల మరణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వేసింది. వాటిలో 68 శాతం గుండెపోటు, పక్షవాతాలు. ఊపిరితిత్తుల కేన్సర్ 4 శాతమే. ఆ కేన్సర్ సంగతి 2013లోనే తేల్చేశారు, బయటి గాలిలోని దుమ్మును మనుషుల్లో కేన్సర్ తెచ్చే మొదటి వర్గంలో చేర్చారు.

ఎంత దుమ్ము పీలుస్తామని మీకు అనుమానం రావచ్చు. మనిషి రోజుకు పది పన్నెండు వేల లీటర్ల గాలి పీలుస్తాడు. ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములున్న గాలి అయితే లోపలికి వెళ్లేది రోజుకు అర మిల్లీగ్రాము. పది ఉప్పు రేణువుల బరువు. ఇంతేనా అనిపిస్తుంది, నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

నాకు యాభై ఆరో ఏట స్టెంట్ పడింది. సిగరెట్ ముట్టింది లేదు, షుగర్ లేదు. గాలి వల్లే వచ్చిందని అనను, కాదనీ అనను. ఒక్క మనిషి విషయంలో ఆ సంగతి ఏ డాక్టరూ తేల్చలేడు. వేలమందిని ఏళ్ల తరబడి చూస్తేనే తేలుతుంది. అలా చూసిన వాటిలో పేరున్నది అమెరికాలో ఆరు ఊళ్ల మీద జరిగి 1993లో వచ్చిన హార్వర్డ్ అధ్యయనం. ఎనిమిది వేల మందికి పైగా పెద్దవాళ్లను 14 నుంచి 16 ఏళ్లు గమనించారు. సిగరెట్లు, వయసు, బరువు అన్నీ సర్దుబాటు చేశాక కూడా, గాలి బాగోని ఊళ్లో మరణాల రేటు శుభ్రమైన ఊరికంటే 26 శాతం ఎక్కువ తేలింది. అందులో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. మరణాలతో గట్టిగా ముడిపడింది మొత్తం దుమ్ము కాదట, సన్న దుమ్ము, అందులో సల్ఫేట్లు. సల్ఫేట్ ఏ చిమ్నీ నుంచీ నేరుగా పెద్ద మొత్తంలో రాదు. బొగ్గు కాలితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. అది ఎండకు, తేమకు గాలిలో మెల్లగా మారి, పొలాల నుంచి, పశువుల నుంచి వచ్చే అమ్మోనియాతో కలిసి సన్న రేణువవుతుంది. ఇదంతా అయ్యేసరికి పొగ వందల కిలోమీటర్లు దాటి ఉంటుంది. దూరం నుంచి వచ్చే దుమ్ములో పెద్ద వాటా ఇలా దారిలో పుట్టినదే.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు: అవును, ఉత్తరాది పొగ ఇక్కడికి వస్తుంది. పుకారు కాదు. 1999లో ఇండోఎక్స్ అనే అంతర్జాతీయ యాత్రలో ఓడలు, విమానాలు పెట్టి కొలిచినప్పుడు, చలికాలంలో ఉత్తర హిందూ మహాసముద్రం మీద గోధుమ రంగు పొగ దుప్పటి కనపడింది. ఆ తరవాత 2006లోనూ, 2008–09 చలికాలంలోనూ మన ఇస్రో శాస్త్రవేత్తలు సాగర్ కన్య ఓడ మీద బంగాళాఖాతంలో తిరిగి కొలిచారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. గంగా మైదానంలోని ఇటుక బట్టీలు, పొయ్యిలు, పంట చెత్త, థర్మల్ ప్లాంట్ల పొగ బెంగాల్ దగ్గర సముద్రంలోకి దిగి, తీరం వెంట మన వైపు వస్తుంది. అదే ఎండాకాలం వచ్చేసరికి గాలి తిరగబడి నైరుతి నుంచి వీస్తుంది. అప్పుడు మన పొగ ఒడిశాకు, బెంగాల్‌కు పోతుంది. ఆ సంగతి మనవాళ్లెవరూ ఎత్తరు.

దీనికి విశాఖ నేల తీరు తోడు. ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండ, పడమట మళ్లీ కొండలు, తూర్పున మాత్రమే తెరిపి. గిన్నె లాంటిది. చలికాలం రాత్రి నేల చల్లబడి, చల్లని గాలి అడుగున, వెచ్చని గాలి పైన ఉండి మూత పడుతుంది. రాత్రి నేల వైపు నుంచి వచ్చే గాలి పొగను సముద్రం మీదికి నెడితే, మర్నాడు మధ్యాహ్నం సముద్రపు గాలి అందులో కొంత వెనక్కి తెస్తుంది. బీచ్ రోడ్డులో ఉంటే గాలి శుభ్రం అనే మాట నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితా వేస్తే విశాఖ అందులో ఉంది.

అయితే స్థానిక దుమ్ము ప్రమాదమా, దూరపు దుమ్ము ప్రమాదమా? దీని మీద నాకు చాలా ఇష్టమైన కథ ఒకటుంది. అమెరికాలో యూటా లోయ అని, చుట్టూ కొండలు, మధ్యలో స్టీల్ మిల్లు. కాస్త మన ఊరిలాగే. కార్మికులతో గొడవ వచ్చి 1986 ఆగస్టులో మిల్లు మూతపడింది, 13 నెలల తరవాత తెరిచారు. ఆర్డెన్ పోప్ అనే అర్థశాస్త్రవేత్త ఆస్పత్రి లెక్కలు తీస్తే, మిల్లు నడిచిన చలికాలాల్లో శ్వాస జబ్బులతో చేరిన పిల్లలు, మూసి ఉన్న చలికాలం కంటే రెండు మూడింతలు ఉన్నారు. అక్కడితో అయిపోలేదు. ఆ ఏళ్లలో గాలి తూచిన ఫిల్టర్ కాగితాలను ఎవరో పారేయకుండా దాచారు. పదేళ్ల పైన గడిచాక వాటిలోని దుమ్మును నీళ్లలో తీసి, ఒప్పుకున్న ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లో ఒక్కో చిన్న భాగంలో సమానంగా వేసి చూశారు. మిల్లు నడిచిన ఏళ్ల దుమ్ముకు వాపు ఎక్కువ వచ్చింది, మూసి ఉన్న ఏడాదిదానికి తక్కువ. దుమ్ములోని లోహాల తేడా అన్నారు. మేము తూచాక కొన్నేళ్లకు కట్టలు కట్టి తీసేసిన కాగితాలు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

అలాగని దూరపుది తేలికైనదని అనుకోకండి. ఏ దుమ్ము ఎంత విషమో విడదీసి చెప్పేంత ఆధారం లేదు కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ పీఎం 2.5 మొత్తాన్ని బరువు లెక్కనే చూస్తోంది. ఏడాది సగటు 10 మైక్రోగ్రాములు పెరిగితే మరణాల రేటు సుమారు 8 శాతం పెరుగుతుందన్నది 2021 మార్గదర్శకాలకు ఆధారంగా తీసుకున్న లెక్క. ఇంతకంటే తక్కువుంటే భయం లేదు అనే గీత ఎక్కడా దొరకలేదు. ఆ సంస్థ పెట్టిన హద్దు ఏడాది సగటు 5, మన దేశంలో 40.

దూరపు దుమ్మును ఇంట్లో కూచుని మనం ఆపలేం. ఐరోపావాళ్లు ఆమ్ల వానలకు స్వీడన్ చెరువుల్లో చేపలు చస్తుంటే అది పక్క దేశాల చిమ్నీల పని అని గుర్తించి, 1979లో జెనీవాలో ఒప్పందం రాసుకున్నారు. దక్షిణాసియా దేశాలు 1998లో మాల్దీవుల రాజధాని మాలెలో ఇలాంటి పొగ గురించే ఒక ప్రకటన చేశాయి, అది కట్టుబాటు లేని కాగితం. ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాలకు కలిపి చట్టంతో ఒక కమిషన్ ఉంది, తూర్పు తీరానికి అలాంటిది లేదు. మన దగ్గర పెద్ద థర్మల్ ప్లాంట్లకు 275 మీటర్ల చిమ్నీ కట్టిస్తారు. దాంతో పక్క ఊరు కొంత బతుకుతుంది, పొగ మాత్రం వంద ఊళ్లకు పంచబడుతుంది. ఆ పొగలోంచి గంధకం (సల్ఫర్) తీసే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులో నిబంధన తెచ్చారు, గడువులు పెంచుకుంటూ పోయారు, 2025 జులైలో చాలా ప్లాంట్లకు మినహాయింపే ఇచ్చేశారు. మన బొగ్గులో గంధకం తక్కువని కారణం చెప్పారు. గంధకం తక్కువే, కాల్చే బొగ్గు ఎక్కువ. నాకు ఆ వాదన రుచించలేదు.

ఇక మీ ఇంటి సంగతి. మధురవాడకు మారితే కిటికీ మీద నల్ల పొడి బాగా తగ్గుతుంది, పాప ముక్కు, మావయ్యగారి దగ్గు కొంత తేలిక పడొచ్చు. జనవరిలో దూరం నుంచి వచ్చే సన్న దుమ్ము మాత్రం అక్కడా ఇక్కడా దాదాపు ఒకటే. మధురవాడ గుండా జాతీయ రహదారి పోతుంది. వాహనాల పొగలోని అతి సన్న రేణువులు రోడ్డు పక్కన చాలా ఎక్కువగా ఉండి, 200–300 మీటర్లు లోపలికి వెళ్లేసరికి బాగా తగ్గుతాయి. కాబట్టి రేవు వదిలి హైవే పక్కన అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఒకటి వదిలి ఇంకోటి పట్టుకున్నట్టే. లోపల వీధిలో చూడండి. స్కూల్ మారక పాపను రోజూ గంట సేపు ఆటోలో తిప్పాల్సివస్తే ఆ లెక్కా వేసుకోండి.

మారినా మారకపోయినా ఒక పని ఈ రోజే చేయొచ్చు. మీ ప్రశ్న చివర్లో దోమలకు రాత్రంతా కాయిల్ పెడతామని రాశారు. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత సన్న దుమ్ము వస్తుందని 2003లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. సీఓపీడీ మనిషి పడుకునే గదిలో అది! దోమతెర కట్టండి. సాంబ్రాణి మానమని చెప్తే మీ అత్తగారు నన్ను తిట్టుకుంటారు, కనీసం మావయ్యగారు, పాప ఉన్న గదిలో వద్దనండి, కిటికీ తెరిచి వేయమనండి. పోపు పెట్టేటప్పుడు చిమ్నీయో ఎగ్జాస్ట్ ఫ్యానో వేయాలి. పొడి చీపురు బదులు తడి గుడ్డ.

యాప్‌లో రంగు చూసి సంతోషపడకండి, పీఎం 2.5 అంకె చూడండి. మన ఏక్యూఐలో (గాలి నాణ్యత సూచీలో) 24 గంటల సగటు 60 దాకా ఉన్నా "సంతృప్తికరం" అనే వస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 24 గంటల హద్దు 15. చలికాలంలో తెల్లవారుజామున నడక మంచిదని మన పెద్దల నమ్మకం. ఆ మూత పడ్డ గాలిలో అన్నిటికన్నా చెడ్డ సమయం అదే. మావయ్యగారిని డిసెంబరు, జనవరుల్లో ఎండ బాగా ఎక్కాక, సముద్రపు గాలి మొదలయ్యే వేళకు నడవమనండి. భోగి రోజు తెల్లవారుజామున కిటికీలు మూసి ఇంట్లోనే ఉంచండి. టైర్లు వేసిన భోగి మంటల మర్నాడు మా ఫిల్టర్ రంగు నాకు ఇంకా గుర్తుంది.

చేతిరుమాలు కట్టుకుంటే ముతక దుమ్ము కొంత ఆగుతుంది, సన్నది ఆగదు. ఎన్95 ముఖానికి బిగువుగా ఉంటే ఆగుతుంది, కానీ సీఓపీడీ ఉన్నవాళ్లకు దాంతో ఊపిరి ఆడక ఇబ్బంది పడొచ్చు, డాక్టర్ని అడిగే వాడాలి. ఎయిర్ ప్యూరిఫయర్ కొనే స్తోమత ఉంటే హెపా ఫిల్టర్ (సన్న దుమ్మును కూడా పట్టేది) ఉన్నది, గది సైజుకు సరిపడేది, ఒకటే కొనండి. పాప, మావయ్యగారు పడుకునే గదిలో తలుపులు మూసి రాత్రి నడపండి. హాల్లో పెట్టి తలుపులు తీసి ఉంచితే కరెంటు బిల్లు తప్ప ఏమీ లేదు. ఫిల్టర్ మార్చే ఖర్చు ముందే కనుక్కోండి, దాని దగ్గరే చాలామంది ఆపేస్తారు. ఇన్‌హేలర్లు బాగున్న రోజుల్లో మానేయడం పెద్దవాళ్లకు అలవాటు, అది చూసుకోండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి చలికాలానికి ముందే డాక్టర్ని అడగండి. మంచు, పొగ కలిసిన రోజుల్లో ఛాతీలో బరువుగా ఉందంటే గ్యాస్ అని సోడా తాగించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. నా విషయంలో మా ఇంట్లో మొదట చేసింది సోడా పనే.

అడ్వాన్స్ ఇచ్చే ముందు మధురవాడలో చూసిన ఇంటికి ఒక రోజు పొద్దున్నే ఆరింటికి వెళ్లండి. హైవే నుంచి ఎన్ని అడుగులో నడిచి చూడండి. పక్క ఖాళీ స్థలంలో చెత్త తగలబెట్టిన నల్లటి మచ్చలు ఉన్నాయేమో చూడండి. వాచ్‌మన్ని అడిగితే ఆ మంట వారానికి ఎన్నిసార్లు వేస్తారో చెప్తాడు.